మూడేళ్ల వీసా, 2070 దాకా పాయింట్లు

ఫ్లోరిడాలో కిస్సిమీ ఊరి మీదుగా పోయే 192 నంబరు హైవే మీద సగానికి కోసి బోర్లించిన నారింజపండులాంటి భవనం ఒకటి ఉంది. పేరు కూడా ఆరెంజ్ వరల్డే. లోపల పండ్లూ, టీషర్టులూ, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మలూ అమ్ముతారు. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా నిజంగానే నారింజ తోటలు. 1971 అక్టోబరు 1న డిస్నీ వరల్డ్ తెరిచారు, 1980లలో వరసగా వచ్చిన మంచుకి తోటలు చాలావరకు పోయాయి. ఇప్పుడు ఆ హైవేకి రెండు పక్కలా కనిపించేది ఇంకో పంట. హోటళ్లు, మినీ గోల్ఫులు, బఫేలు, వాటి మధ్య నాలుగడుగులకో బోర్డు: డిస్నీ టికెట్లు చవకగా!

ఆ బోర్డు కింద చిన్న గది. లోపల నవ్వుముఖంతో ఒకావిడ. "రేపు పొద్దున 90 నిమిషాలు మా రిసార్టు చూసి రండి, టిఫిన్ మాదే, టికెట్లు సగం ధరకే" అంటుంది. భార్యాభర్తలిద్దరూ రావాలి, ఆదాయం ఇంత ఉండాలి, క్రెడిట్ కార్డు చూపించాలి. హైదరాబాద్ మాల్‌లో లక్కీ డ్రా కూపన్ నింపి, వారం తర్వాత "కంగ్రాట్స్ సార్, మేడమ్‌తో కలిసి రండి" అనే ఫోన్ అందుకున్నవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ఆ నాటకానికి పుట్టిల్లు కాకపోయినా, రాజధాని మాత్రం ఇదే. మారియట్ వెకేషన్స్, హిల్టన్ గ్రాండ్ వెకేషన్స్ లాంటి పెద్ద టైమ్‌షేర్ కంపెనీల ప్రధాన కార్యాలయాలు ఓర్లాండోలోనే ఉన్నాయి.

టైమ్‌షేర్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఒక రిసార్టులో గదిని మొత్తం కొనలేం కాబట్టి ఏడాదికో వారం మాత్రం మనది అని కొనుక్కోవడం. 1960లలో యూరప్‌లో మొదలైంది. ఆ తర్వాత వారం బదులు 'పాయింట్లు' వచ్చాయి. ఏడాదికి ఇన్ని పాయింట్లు మీ ఖాతాలో పడతాయి. పండగ సీజన్లో గదికి ఎక్కువ పాయింట్లు, మామూలు రోజుల్లో తక్కువ. పెద్ద ఫ్లాట్‌కి ఎక్కువ, చిన్న గదికి తక్కువ. వినడానికి మెట్రో కార్డు రీచార్జిలా ఉంటుంది. కానీ చాలాచోట్ల అది రిజిస్టర్ అయ్యే ఆస్తి హక్కు. దానికి ఏటా మెయింటెనెన్స్ ఉంటుంది. మీరు వెళ్లినా కట్టాలి, వెళ్లకపోయినా కట్టాలి. ఇదొక్కటి బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

తరుగెంత?

మా అక్కా బావా అట్లాంటాలో ఉంటారు. అక్కడినుంచి ఓర్లాండో కారులో ఆరేడు గంటలు. తెనాలి నుంచి అమ్మానాన్నా విజిటర్ వీసా మీద వచ్చారు, హైదరాబాద్ నుంచి నేనూ వెళ్లాను. మేనకోడలు పుట్టింది 2015లో, అంటే సరిగ్గా డిస్నీ వయసు. ఆరుగురం. అందరికీ టికెట్లంటే మాటలు కాదు. అందుకే అక్క ఆ 90 నిమిషాలకి ఒప్పుకుంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.

టిఫిన్ బాగుంది. మోడల్ ఫ్లాట్ ఇంకా బాగుంది. రెండు బెడ్‌రూములు, పెద్ద వంటగది, నాలుగు పొయ్యిల స్టవ్, వాషింగ్ మెషిన్. అమ్మ ఆ స్టవ్ ముందే నిలబడిపోయింది. వారం రోజులుగా హోటల్ గది మైక్రోవేవ్‌లో అన్నం వండుతూ, అట్లాంటా నుంచి తెచ్చుకున్న గోంగూరతో కానిచ్చేస్తున్న మనిషి. మాకు రిసార్టు చూపించిన సేల్స్ ఆయన అది గమనించాడు. "మీ పేరెంట్స్ ఏటా వస్తారా?" అని అక్కని అడిగాడు. అక్క కళ్లల్లో నీళ్లు ఒక్కటే తక్కువ. వాళ్ల పని అంత చక్కగా చేస్తారు, తప్పు పట్టడానికి లేదు.

తర్వాత బల్ల దగ్గర కూర్చోబెట్టి కాగితం మీద లెక్క వేశాడు. వచ్చే 20 ఏళ్లలో మీరు హోటళ్లకి తగలేసే డబ్బు ఇంత. దానికంటే ఇది చవక. మొదట చెప్పింది 38,000 డాలర్లు. బావ తల అడ్డంగా ఊపితే మేనేజర్ వచ్చి 29,000 అన్నాడు. ఈ ధర ఈ గది దాటేవరకే. డబ్బు లేదా, అప్పు మేమే ఇస్తాం. వడ్డీ రెండంకెల్లో, అది మాత్రం చిన్న అక్షరాల్లో. 90 నిమిషాలు కాస్తా మూడు గంటలైంది.

అక్క దాదాపు ఒప్పేసుకుంది. బావ ఎటూ తేల్చుకోలేక ఫోన్ తిప్పుతున్నాడు. అప్పుడు అమ్మ నా చెవిలో అంది: "ఏరా, బంగారం కొన్నా రేపు అమ్మితే తరుగెంత పోతుందో అడిగే కొంటాంగా. దీనికి తరుగెంతో అడగండి."

నేను ఇంగ్లిష్‌లో అడిగాను: మాకు వచ్చే ఏడాది వద్దనిపిస్తే ఎవరు కొంటారు, ఎంతకి? అప్పటిదాకా ప్రతిదానికీ జవాబు రెడీగా ఉన్న మనిషి మొదటిసారి మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. "ఇది పెట్టుబడి కాదు సార్, జ్ఞాపకాలు" అన్నాడు.

బావ ఫోన్‌లో ఈబే తెరిచాడు. అదే కంపెనీ పాయింట్లు, దాదాపు అన్నే పాయింట్లు. ధర 1 డాలరు. బదిలీ ఖర్చులు విడిగా.

టికెట్లు తీసుకుని బయటపడ్డాం.

ఒక డాలరేంటి, మోసమా అని మీకు అనుమానం రావచ్చు. మోసం కాదు. ఇలాంటి పాయింట్లు ఈబేలో ఆ ధరకి కనిపించడం అమెరికాలో మామూలే. కారణం మెయింటెనెన్స్. ఏటా వెయ్యీ రెండు వేల డాలర్లు కట్టాలి, అది ఏటా పెరుగుతుంది. పెద్దవాళ్లవుతారు, ప్రయాణాలు తగ్గుతాయి, బిల్లు మాత్రం ఆగదు. 'ఎవరైనా తీసుకుంటే చాలు' అనే దశకి వస్తారు. కొత్తగా అమ్మే ధరలోనేమో మన టిఫినూ, సగం ధర టికెట్లూ, ఆ బోర్డు కింద ఆవిడ కమీషనూ, మేనేజర్ కమీషనూ అన్నీ కలిసే ఉంటాయి. సంతకం ఆరేలోపు అవన్నీ ఆవిరి. బంగారంలో మజూరీ ఎలాగో ఇదీ అలాగే. కాకపోతే బంగారంలో పోయేది మజూరీ, తరుగు. ఇక్కడ మొత్తం మజూరీయే.

సెకండ్ హ్యాండ్‌లోనూ విలువ నిలిచేది

అన్ని కంపెనీలూ ఒకటి కాదు. మర్నాడు మేం వెళ్లింది దీనికి పూర్తిగా వేరే చోటికి: డిస్నీ ఆవరణలో ఉన్న ఓల్డ్ కీ వెస్ట్. బావ ఆఫీసు స్నేహితుడు, వరంగల్ వాళ్లు, అక్కడ కుటుంబంతో దిగారు. భోజనానికి రమ్మన్నారు.

ఇది డిస్నీ మొట్టమొదటి టైమ్‌షేర్. 1991లో డిస్నీ వెకేషన్ క్లబ్ పేరుతో తెరిచారు. ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న కీ వెస్ట్ దీవి ఇళ్ల తరహాలో లేత గులాబీ, లేత ఆకుపచ్చ గోడలు, రేకు కప్పులు. చుట్టూ గోల్ఫ్ మైదానం. పక్కనే చిన్న నది, దానికో బొమ్మ లైట్‌హౌస్. నీళ్ల దగ్గర మాత్రం మొసళ్లున్నాయి జాగ్రత్త అని నిజం బోర్డులు. రేవు నుంచి డిస్నీ స్ప్రింగ్స్ బజారుకి పడవలు తిరుగుతుంటాయి. రిసార్టు పాతదే, గదులు మాత్రం విశాలం. అన్నా వదినా వన్ బెడ్‌రూమ్ తీసుకున్నారు. పూర్తి వంటగది. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి. మిక్కీ మౌస్‌కి మైలు దూరంలో!

"ఎంతకి కొన్నారన్నా?" అని బావ ఉండబట్టలేక అడిగేశాడు.

ఆయన డిస్నీ దగ్గర కొనలేదు. ఒక పాత సభ్యుడి దగ్గర రీసేల్‌లో కొన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి టిష్యూ పేపర్ మీద మాకు లెక్క చెప్పాడు. ఆ లెక్కని కాస్త సర్ది మీకు చెబుతాను.

డిస్నీ దగ్గర నేరుగా కొంటే కొత్త రిసార్టుల్లో పాయింటు 200 డాలర్ల పైమాటే. 220 అనుకుందాం. 150 పాయింట్లకి 33,000. అదే రీసేల్‌లో సారటోగా స్ప్రింగ్స్ లాంటి పాత రిసార్టులో పాయింటు 100 అటూ ఇటూ. 150కి 15,000. ఏటా వచ్చే పాయింట్లు అవే 150. మెయింటెనెన్స్ రిసార్టుని బట్టి పాయింటుకి 9 డాలర్లు అనుకుంటే ఏడాదికి 1,350. నేరుగా కొన్నా, రీసేల్‌లో కొన్నా ఒకే రిసార్టుకి ఒకే మెయింటెనెన్స్. రీసేల్ కాబట్టి తక్కువ ఉండదు.

ఇక్కడ ఓ చిక్కుంది. ఇది యాపిల్‌కీ యాపిల్‌కీ పోలిక కాదు, మామిడికీ జామకీ పోలిక. డిస్నీ అమ్మేది శాశ్వత హక్కు కాదు, గడువున్న లీజు. రివియెరా రిసార్టు 2070 దాకా. సారటోగా 2054 దాకా. మేం పప్పన్నం తిన్న ఓల్డ్ కీ వెస్ట్ చాలామందికి 2042 జనవరి 31తో సరి. అదనంగా కట్టి 2057 దాకా పొడిగించుకున్నవాళ్లు కొందరున్నారు. గడువు దగ్గరపడేకొద్దీ రీసేల్ ధర తగ్గుతుంది. కాబట్టి 'చవక' అని బోర్డు చూసి ఎగబడకుండా, ఆ ధరని మిగిలిన ఏళ్లతో భాగించి చూడాలి. వెరో బీచ్ అని సముద్రం ఒడ్డున డిస్నీదే ఒకటుంది. రీసేల్‌లో బాగా చవక. కారణం అక్కడి మెయింటెనెన్స్ మిగతావాటికంటే బాగా ఎక్కువ. పైగా పార్కులకి దూరం. చవకలోనే చమత్కారం దాగుంటుంది.

రీసేల్‌లో కొంటే పోగొట్టుకునేవి కూడా ఉన్నాయి. బ్రోకర్లు ఇది మెల్లగా చెబుతారు, డిస్నీ వాళ్లు గట్టిగా చెబుతారు. నిజం రెండింటికీ మధ్యలో ఉంది. 2019 జనవరి 19 నుంచి డిస్నీ ఒక గీత గీసింది. ఆ తర్వాత పాత 14 రిసార్టుల్లో ఏదైనా రీసేల్‌లో కొంటే, ఆ పాయింట్లతో ఆ 14 చోట్లే దిగాలి. రివియెరా, ఆ తర్వాత వచ్చిన కొత్తవాటిలోకి ప్రవేశం లేదు. ఇక రివియెరానే రీసేల్‌లో కొంటే ఆ పాయింట్లు ఒక్క రివియెరాలోనే చెల్లుతాయి. అందుకే కదా రివియెరా పాయింట్లు సెకండ్ హ్యాండ్ బజారులో గట్టిగా పడిపోతాయి. గాల్లో తీగ మీద తేలే కేబుల్ కారెక్కి ఎప్‌కాట్ పార్కుకి పోవచ్చు, పైఅంతస్తు రెస్టారెంట్ నుంచి బాణసంచా కనిపిస్తుంది, అంత ముచ్చటైన చోటు. కానీ నేరుగా కొన్నవాడు రేపు అమ్మబోతే, కొనేవాడికి చేతులు కట్టేసినట్టే. ఆ నష్టం ఈయన జేబులోంచే.

ఇంకొకటి, సభ్యులకిచ్చే రాయితీలు. పార్కుల వార్షిక పాసు మీద తగ్గింపు, తిండి మీద, బొమ్మల మీద తగ్గింపు, ఎప్‌కాట్‌లో ఏసీ లాంజ్, రాత్రిపూట సభ్యులకే పార్కు తెరిచే వేడుకలు. వీటికి కనీసం 150 పాయింట్లు డిస్నీ దగ్గరే నేరుగా కొని ఉండాలి. ఏటా నలుగురికి వార్షిక పాసులు కొనే కుటుంబమైతే ఇది చిన్న విషయం కాదు. మనలా మూడేళ్లకోసారి వెళ్లేవాళ్లకైతే, ఒక లాంజ్‌లో ఉచిత కూల్‌డ్రింకు కోసం 18,000 డాలర్లు ఎక్కువ పెట్టడం నాకైతే మింగుడుపడదు.

అన్న చెప్పిన రీసేల్ తతంగం కూడా వినండి, ఇది ఓఎల్‌ఎక్స్‌లో బైకు కొన్నట్టు కాదు. బ్రోకర్ దగ్గర ధర కుదిరాక కాంట్రాక్టు రాస్తారు. అడ్వాన్సు మూడో మనిషి ఖాతాలో, అంటే ఎస్క్రోలో ఉంటుంది. అప్పుడా కాంట్రాక్టు డిస్నీ ముందుకెళ్తుంది. 'ఇదే ధరకి మేమే కొంటాం' అనే మొదటి హక్కు డిస్నీది. వాళ్లకి 30 రోజుల గడువు. మరీ చవగ్గా బేరమాడితే డిస్నీ మధ్యలో ఎగరేసుకుపోతుంది, మీ అడ్వాన్సు మీకు వెనక్కి వస్తుంది. అన్న మొదటి బేరం అలాగే పోయిందట. రెండోసారి పాయింటుకి మూడు డాలర్లు పెంచితే వదిలేశారు. ఈ హక్కు వల్లే ధరలు ఒక్క డాలరు దాకా జారిపోవు. డిస్నీ స్వార్థమే సభ్యుల ఆస్తికి కాపలా అన్నమాట. ఆ తర్వాత దస్తావేజు కౌంటీ ఆఫీసులో రిజిస్టరై, పాయింట్లు మీ పేరు మీదకి రావడానికి మొత్తం రెండు నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

కొనేముందు అడగాల్సిన ప్రశ్న: "ఖాతాలో ఎన్ని పాయింట్లున్నాయి?" అక్కడి భాషలో నిండుగా ఉన్నదాన్ని లోడెడ్ అంటారు, ఊడ్చేసిన దాన్ని స్ట్రిప్డ్ అంటారు. పాయింట్లని వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు, వచ్చే ఏడాదివి ముందే వాడేసుకోవచ్చు. అమ్మేవాడు ముందే వాడేసుకుంటే, మీరు కొన్నాక ఏడాదిన్నర దాకా ఖాళీ చేతులే.

ఇంకో కిటుకు 'హోమ్ రిసార్టు'. మీరు కొన్న రిసార్టులో 11 నెలల ముందు బుక్ చేసుకోవచ్చు. మిగతాచోట్ల 7 నెలల ముందే. క్రిస్మస్‌కి మంచి గదులు ఆ నాలుగు నెలల్లోనే ఖాళీ అయిపోతాయి. అందుకే 'ఎక్కడ చవగ్గా ఉంటే అక్కడ కొని, నచ్చిన చోట దిగుదాం' అన్న తెలివి పండగ సీజన్లో పనిచెయ్యదు.

అమ్మకి నచ్చిన వంటగది సంగతేంటంటే, డిస్నీలో స్టూడియో గదికి మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ మాత్రమే. పొయ్యి కావాలంటే వన్ బెడ్‌రూమ్. దానికి పాయింట్లు దాదాపు రెట్టింపు. 150 పాయింట్లు స్టూడియోలో వారానికి సరిపోయినా, పొయ్యి ఉన్న ఇంట్లో మూడు నాలుగు రోజులకే హారతి. మోడల్ ఫ్లాట్ చూపించేటప్పుడు ఎప్పుడూ పెద్దదే చూపిస్తారు, లెక్క వేసేటప్పుడు చిన్నదానికి వేస్తారు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలు.

గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్లకి

తిరిగి వస్తుంటే కార్లో అక్క అంది: "అయితే రీసేల్‌లో కొందాం. సగం ధరేగా."

బావ వెంటనే ఏం అనలేదు. బావది హెచ్1బీ. వీసా మూడేళ్లకోసారి పొడిగింపు. గ్రీన్ కార్డు క్యూ ఎప్పటికి తెములుతుందో పైవాడికే తెలియాలి. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సర్దుకోవాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఎంతమంది ఇదే స్థితిలో ఉన్నారో మీకు తెలిసిందే. మూడేళ్ల వీసా మీదున్న మనిషికి 2070 దాకా హాలిడే అమ్ముతున్నారు. ఆ సేల్స్ బల్ల దగ్గర దీని గురించి ఎవరూ అడగలేదు. వాళ్లు అడగరు కూడా.

కంపెనీ దగ్గరా, రీసేలా అనే ప్రశ్న మనవాళ్లకి మామూలు అమెరికన్లకంటే పదునుగా తగిలేది ఇక్కడే. రీసేల్ ధర అంటే చవకగా దొరికే ధర ఒక్కటే కాదు, మనం బయటపడే రోజు మన చేతికొచ్చే ధర. ఎప్పుడు వెళ్లిపోవాలో మన చేతిలో లేనప్పుడు కొనే ధరకంటే అదే ముఖ్యం. 33,000కి కొన్నవాడు ఏడాదికే ఇండియా వెళ్లాల్సివస్తే సగం దాకా పోగొట్టుకుంటాడు. 15,000కి రీసేల్‌లో కొన్నవాడు బ్రోకర్ కమీషనూ ఖర్చులూ పోను చాలావరకు రాబట్టుకుంటాడు. ఈబేలో డాలరుకి దొరికే రకం కొన్నవాడికైతే అమ్మడం కూడా కాదు, వదిలించుకోవడమే పని. ఇంకోటి కూడా ఉంది. దేశం వదిలి వెళ్లాక అమ్మితే మీరు విదేశీ అమ్మకందారు. అమెరికాలో విదేశీయులు స్థిరాస్తి అమ్మితే సాధారణంగా 15 శాతం ముందే పట్టి ఉంచి పన్ను శాఖకి కట్టే నిబంధన ఉంది. లెక్క తేల్చుకుని తర్వాత వెనక్కి తెచ్చుకోవాలి. తెనాలిలో కూర్చుని ఆ కాగితాలు నింపడం ఊహించుకోండి.

ఇలా ఇరుక్కున్నవాళ్ల కోసమే ఇంకో వల సిద్ధంగా ఉంటుంది. "మీ టైమ్‌షేర్‌కి కొనేవాడు దొరికాడు, ముందు పన్ను కట్టండి, ఫీజు కట్టండి" అంటూ ఫోన్లు. మెక్సికోలో టైమ్‌షేర్ ఉన్న అమెరికన్లని ఇలా దోచినందుకు 2023లో అమెరికా ఆర్థిక శాఖ హలిస్కో డ్రగ్ కార్టెల్‌తో సంబంధమున్నవాళ్ల మీద ఆంక్షలు పెట్టింది. డ్రగ్స్ అమ్మేవాళ్లకే ఈ వ్యాపారం గిట్టుబాటుగా కనిపించిందంటే చూడండి. అమ్మకం పూర్తయ్యాక అందులోంచి కమీషన్ తీసుకునేవాడు బ్రోకర్. ముందే ఫీజు అడిగేవాడు ఎవరైనా సరే ఫోన్ పెట్టెయ్యండి.

ఒకవేళ ఎవరైనా ఇప్పటికే ఓర్లాండోలో సంతకం పెట్టేసి, హోటల్ గదిలో ఇది చదువుతూ ఉంటే: ఫ్లోరిడా చట్టం ప్రకారం కంపెనీ దగ్గర కొన్న టైమ్‌షేర్‌ని 10 రోజుల్లోపు రద్దు చేసుకోవచ్చు. సంతకం రోజు, లేదా ఇవ్వాల్సిన కాగితాల్లో చివరిది చేతికొచ్చిన రోజు, ఏది తర్వాతైతే అక్కడినుంచి లెక్క. క్యాలెండర్ రోజులు, ఆదివారాలతో సహా. ఆ హక్కు వదులుకుంటున్నాను అని మీతో రాయించుకున్నా చెల్లదు. కారణం చెప్పక్కర్లేదు. సేల్స్ ఆయనకి ఫోన్ చేసి చెప్పడం కాదు, కాంట్రాక్టులో ఉన్న చిరునామాకి కాగితం మీద రాసి, రుజువు ఉండేలా పంపాలి. మిగతా రాష్ట్రాల్లో గడువులు వేరు.

మూడో దారి అన్నే చెప్పాడు, పప్పు వడ్డిస్తూ. పాయింట్లు కొనక్కర్లేదు, అద్దెకి తీసుకోవచ్చు. ఆ ఏడాది వెళ్లలేని సభ్యులు తమ పాయింట్లతో మీ పేరు మీద గది బుక్ చేసి ఇస్తారు. పాయింటుకి 20 డాలర్ల చుట్టుపక్కల. అదే గది డిస్నీ దగ్గర మామూలుగా తీసుకుంటే చాలాసార్లు దీనికంటే బాగా ఎక్కువ పడుతుంది. 150 పాయింట్లకి 3,000. సొంతానికి ఉన్నా మెయింటెనెన్స్ 1,350 కట్టాల్సిందే కాబట్టి, సొంతం అవడం వల్ల ఏడాదికి మిగిలేది 1,650. రీసేల్‌లో పెట్టిన 15,000 రాబట్టుకోవడానికి తొమ్మిదేళ్లు. కంపెనీ దగ్గర పెట్టిన 33,000 రాబట్టుకోవడానికి 20 ఏళ్లు. అద్దెలూ పెరుగుతాయి, మెయింటెనెన్సూ పెరుగుతుంది, లెక్క కొంచెం అటూ ఇటూ అవుతుంది. అయినా తొమ్మిదేళ్లెక్కడ, 20 ఏళ్లెక్కడ! అద్దెలో ఇబ్బంది ఏంటంటే, మామూలుగా డబ్బు ముందే కట్టాలి, రద్దు చేసుకుంటే వెనక్కి రాదు. పాయింట్లకి అసలు యజమాని ఎవరో తెలియని బుకింగ్ జోలికి పోకూడదు. మధ్యలో నమ్మకమైన సంస్థ ఉంటే కాస్త కమీషన్ పోయినా నిద్రపడుతుంది.

ఇన్ని చెప్పినా, కొనేవాళ్లని వెర్రివాళ్లనలేను. అన్నకి అమెరికా పౌరసత్వం ఉంది, ఇద్దరు పిల్లలు, ఏటా వెళ్తారు, 11 నెలల ముందు క్యాలెండర్ చూసి బుక్ చేసే ఓపిక వదినకి ఉంది. ఆ కుటుంబానికి రీసేల్ చక్కగా సరిపోయింది. బాల్కనీలో వాళ్ల నాన్నగారు లుంగీ కట్టుకుని గోల్ఫ్ ఆడేవాళ్లని చూస్తూ కాఫీ తాగుతున్నారు. హోటల్లో ఉన్నట్టు లేరు, ఇంట్లో ఉన్నట్టే ఉన్నారు. టైమ్‌షేర్ అమ్మేవాళ్లు చెప్పే కబుర్లన్నింట్లో ఈ ఒక్కటీ నిజమే. దానికి ఎంత కట్టామన్నదే గొడవంతా.

అక్క ఇంకా పాయింట్లేవీ కొనలేదు. అమ్మానాన్నల వీసా పొడిగింపు చూసుకుని డిసెంబరుకి ఓల్డ్ కీ వెస్ట్‌లో నాలుగు రాత్రులు, పొయ్యి ఉన్న వన్ బెడ్‌రూమే, అద్దె పాయింట్ల మీద తీసుకుంది. బుకింగ్ మెయిల్ రాగానే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న అక్కడ కుక్కర్ ఉంటుందా అని. ఉండదట. అట్లాంటా నుంచే తీసుకెళ్లాలి.